అసిరమ్మకు కేటాయించిన దగ్గు

రేగుపురంలో ఎవరికి ఏది నచ్చాలో మునిసిపాలిటీవారు నిర్ణయించిన ఏడాది, అసిరమ్మ వాటాకి ఒక దగ్గు వచ్చింది. జబ్బు కాదు. సినిమాలో విలన్ దగ్గే దగ్గు. అందులోనూ రెండోది. మొదటి దగ్గు అప్పటికే గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరుగారి పేరన అయిపోయింది.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు గాలిమేస్త్రి ఎవరో తెలియాలి.

గాలిమేస్త్రి ఒక తాపీమేస్త్రి. ఒక వారపత్రికలో ఏళ్ల తరబడి బొమ్మల కథగా వచ్చాడు. పొద్దంతా గోడలు కడతాడు. ఎక్కడైనా మేడ కూలుతోందనో వంతెన విరుగుతోందనో తెలిస్తే, తలకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి మెడకి కట్టుకుని, తాపీ చేత్తో పట్టుకుని గాల్లోకి లేస్తాడు. లేచే ముందు చెప్పులు విడుస్తాడు. అవతల ఊరు మునిగిపోతున్నా సరే, రెండు చెప్పులూ జతగా పక్కపక్కన పెట్టి మరీ ఎగురుతాడు. పరంజా ఎక్కేముందు చెప్పులు కింద విడవడం మేస్త్రిలకి అలవాటు. ఆ బొమ్మలు వేసిన సన్యాసినాయుడు మాస్టారు రేగుపురం హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైనవాడు. మేస్త్రిలని దగ్గరనుంచి చూసే వేశాడని ఊళ్లో అనుకునేవారు.

అసిరమ్మ మొగుడు తవిటయ్య కూడా తాపీమేస్త్రే. అతను గోడ కట్టేవాడు. ఆమె ఇటుకలూ, సిమెంటు మాలూ తట్టలకెత్తి అందించేది. రేగుపురంలో వాళ్లిద్దరి చేతుల మీదుగా లేచిన గోడలు చాలా ఉన్నాయి. అతను పొద్దున్న నీడలో విడిచిన చెప్పులమీదికి పొద్దెక్కేసరికి ఎండ వచ్చేసేది. తట్ట దించి వెనక్కి వచ్చేటప్పుడు ఆమె వంగి వాటిని నీడలోకి జరిపేది. దిగినవాడు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నడిచిపోయేవాడు. విడిచినచోట లేవేమని అతను ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. అది మాట్లాడుకోవలసిన సంగతని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

తవిటయ్య జ్వరంతో పోయాక అసిరమ్మ వీధిలో పెట్టిన వయోజనుల బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక ఏం చదవాలో తెలియక గ్రంథాలయంలో పాత వారపత్రికలు తిరగేసింది. మిగతా కథల్లో మనుషులు పేజీలకి పేజీలు మాట్లాడుకుంటున్నారు. గాలిమేస్త్రి బొమ్మకో మాటకన్న ఎక్కువ మాట్లాడడు. కూడబలుక్కుని చదివేవాళ్లకి అలాంటివాడే కావాలి.

అలా చదువుతూండగా ఒకరోజు ఆమె చెయ్యి పేజీమీద ఆగిపోయింది. మేస్త్రి ఎగిరే బొమ్మలో చెప్పులు ఎండలో ఉన్నాయి. దిగే బొమ్మలో నీడలో ఉన్నాయి. ఇంకో సంచిక తీసి చూసింది. అందులోనూ అంతే. ఎవరు జరిపారో ఏ బొమ్మలోనూ లేదు.

ఆ కథని హైదరాబాదువాళ్లు సినిమాగా తీశారు. రేగుపురంలో ఉన్న ఒకే ఒక్క హాల్లో ఆడింది. అసిరమ్మ తనతో కూలికొచ్చే, తవిటయ్యకి చెల్లెలి వరసయ్యే పోలమ్మని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ ముక్క సినిమాలో ఉంచారో తీసేశారోనని విశ్రాంతి దాకా పక్కవాళ్లు ఇచ్చిన వేరుశనక్కాయలు కూడా ముట్టలేదు. ఉంచారు. గాలిమేస్త్రి తువ్వాలు రెపరెపలాడుతూ మేడమీద దిగాడు. హాలంతా ఈలలు. అదే మేడమీద ఎండలో విడిచిన చెప్పులు నీళ్లడ్రమ్ము నీడలో ఉన్నాయి. అసిరమ్మ పోలమ్మని మోచేత్తో పొడిచింది.

"సూసినావేటి?"

"ఏటి? తువ్వాలా?"

"తువ్వాలు కాదొలే. సెప్పులు."

"గాల్లోంచి మనిసి దిగుతుంటే సెప్పులెవులు సూత్తారు ఒదినా," అంది పోలమ్మ.

ఆ వారమే ఊళ్లో పోస్టర్లు పడ్డాయి. గాలిమేస్త్రి అభిమానులు సభ జరుపుతున్నారు. విశాఖపట్నంలో కూతురి దగ్గర ఉంటున్న సన్యాసినాయుడు మాస్టారిని పిలిచి శాలువా కప్పుతారు. ఆయన ఎదుట ఒక్కొక్కరూ లేచి, సినిమాలో తమకి నచ్చిందేదో చెప్తారు. అసిరమ్మ పోస్టరు మొదటినుంచి చివరిదాకా చదివింది. ముద్రించిన ప్రెస్సు పేరు కూడా వదల్లేదు.

"నాను ఎల్తాను," అంది పోలమ్మతో. "ఆ సెప్పుల ముక్క నాకు నచ్చినాదని ఆయనకి సెప్పీసి వచ్చేత్తాను. ఆయన మల్లీ ఈ ఊరు వత్తాడో రాడో."

ఆమెకి కావలసిందల్లా అంతే. మామూలు రోజుల్లో అయితే అది కష్టమైన పనేమీ కాదు.

కాని ఈలోగా బస్టాండు దగ్గర టీకొట్టులో తగాదా వచ్చింది. సినిమా మొత్తానికి వంతెనే గొప్ప అన్నవాళ్లు ఒకవైపు, తువ్వాలే గొప్ప అన్నవాళ్లు ఒకవైపు బల్లలమీద కూర్చున్నారు. లేచేసరికి బల్లలు విరిగి ఉన్నాయి. ఒకతని పెదవి చిట్లింది. పోలీసులు ఇరుపక్షాలనీ స్టేషనుకి తీసుకెళ్లారు గాని, ఏ సెక్షను కింద రాయాలో తెలియక ఫైలు మునిసిపల్ కమిషనరుగారికి పంపారు.

కమిషనరు విశ్వనాథ పాత్రుడుగారికి దేన్నైనా వరసలో పెట్టేదాకా నిద్ర పట్టదు. కిందటేడు తోపుడుబళ్లని అక్షర క్రమంలో నిలబెట్టి, అరటిపళ్ల పక్కన ఆముదం అమ్మించిన ఘనత ఆయనదే. ఆయన కౌన్సిలును సమావేశపరిచి ఇలా సెలవిచ్చారు.

"ఒకే అంశము పలువురికి నచ్చుట వలన రద్దీయు, పలు అంశములు ఒకరికే నచ్చుట వలన దుబారాయు సంభవించుచున్నవి. ఇష్టములు ఇట్లు విచ్చలవిడిగా ప్రవహించుట పట్టణాభివృద్ధికి శోభనివ్వదు. కావున ఇకమీదట ఒక పౌరునికి ఒక అంశము. ఒక అంశమునకు ఒక పౌరుడు."

ఒక ముసలి కౌన్సిలరు లేచి, "మరి ఏమీ నచ్చనోళ్ల సంగతేటండి?" అని అడిగాడు.

"వారికిని ఏదో ఒకటి మంజూరు చేయబడును," అన్నారు కమిషనరుగారు. పకోడీలు చల్లారిపోతున్నాయని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు.

జనన మరణాల గదిలో ఒక బల్ల అటు జరిపి, ఇష్టాల విభాగం తెరిచారు. సినిమాని ముక్కలు చేసి జాబితా కట్టారు. గాలిమేస్త్రి కుడికన్ను ఛైర్మనుగారికి, ఎడమకన్ను వైసు ఛైర్మనుగారికి వెళ్లాయి. ఫైటింగులు కౌన్సిలర్లు పంచుకున్నారు. వంతెన స్తంభాల లెక్కన కాంట్రాక్టర్లకి పోయింది. పాటల్లో పల్లవులు అధికారుల భార్యలకి, చరణాలు మహిళా సంఘాలకి ఇచ్చారు. కథానాయిక నవ్వు కోసం మనుషులు ఎక్కువై లాటరీ తీస్తే అది తొంభై దాటిన ఒక రిటైర్డు తాసిల్దారుకి తగిలింది. సినిమా మొత్తం నచ్చే హక్కు మటుకు, హోదా రీత్యా, కమిషనరుగారే ఉంచుకున్నారు.

అసిరమ్మ ఒకపూట కూలి మానుకుని ఆఫీసుకి వెళ్లింది. బల్ల వెనక త్రినాథరావు అనే గుమాస్తా ఉన్నాడు. మనిషి మంచివాడు. చెవిలో కలం పెట్టుకుని కలం కోసం వెతుక్కుంటున్నాడు.

"ఏం నచ్చిందమ్మా?"

"సెప్పులు బావూ."

"కుడిదా, ఎడమదా?"

అసిరమ్మ ఆ సంగతి ఆలోచించలేదు. "జత," అంది.

"జత ఇవ్వం. కుడిచెప్పు ఏడో వార్డు కౌన్సిలరుగారి బావమరిదికి ఇచ్చేశాం. ఎడమది పారిశుధ్య విభాగానికి రిజర్వు. వాళ్లు ఇంకా పట్టుకెళ్లలేదు."

"సెప్పులు ఆళ్లనే ఉంచుకోమనండి బావూ. ఎండలో ఇడిసిన సెప్పులు నీడలోకి వచ్చినాయి సూడండి. నాకు నచ్చింది అది."

త్రినాథరావు జాబితా అంతా వేలు పెట్టి చూశాడు. "రావడం తెరమీద కనపడిందా?"

"అవుపడనేదు."

"కనపడనిది ఎలా నచ్చింది?"

"అవుపడనేదు గాబట్టే నచ్చినాది."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మా, కనిపించేవాటికే ఇక్కడ జనం వరండా దాటిపోయారు. కనిపించనివి కూడా పంచడం మొదలెడితే మాకు సిబ్బంది చాలరు." అయినా ఆమె మొహం చూసి లేచాడు. పక్కగదిలో ఇంజనీరుగారిని అడిగివస్తానని వెళ్లాడు. గోడ అవతలనుంచి ఇంజనీరుగారి గొంతు ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"నీడ అనునది డ్రమ్ముకు సంబంధించినదా, ఎండకు సంబంధించినదా అనేది ముందు తేలవలెను. డ్రమ్ముకు సంబంధించినదైతే నీటి సరఫరా విభాగమువారిని సంప్రదించవలెను. ఎండకు సంబంధించినదైతే మునిసిపల్ పరిధిలోనిది కాదు."

త్రినాథరావు తిరిగి వచ్చాడు. ఆమె విన్నదని తెలిసి, చెప్పిందే మళ్లీ చెప్పకుండా జాబితా చివరి పేజీ తీశాడు. "మిగిలినవి ఇవి. విలన్ రెండో దగ్గు ఉంది. గోడమీద పిల్లి ఉంది గాని దానికి కోర్టు కేసు నడుస్తోంది."

"దగ్గు నాకెందుకు బావూ?"

"ఏదో ఒకటి నచ్చినట్టు కార్డు లేకపోతే సభలోకి రానివ్వరమ్మా. మాస్టారిని చూడాలన్నా కార్డు ఉండాలి. తీసుకో. చిన్న దగ్గు. ఎవరికీ అడ్డం రాదు."

ఆమె దగ్గు తీసుకుంది. కార్డుమీద తన పేరు తనే రాసింది.

బయట వరండాలో పోలమ్మ తన కార్డు తిరగేసి పట్టుకుని నిలబడి ఉంది. "నాకేటొచ్చిందో సదువు ఒదినా."

"వంతెన కింద బర్రె. దాని తోక."

"తోకొక్కటేనేటి? మిగతా బర్రె?"

"పాలకేంద్రం ప్రెసిడెంటుకి."

"ఆడికెప్పుడూ బర్రె ముందరే దొరుకుతాది," అంది పోలమ్మ, కార్డు బొడ్డులో దోపుకుంటూ.

కార్డు వచ్చినవాళ్లందరూ శిక్షణకి హాజరు కావాలన్నారు. కాలేజీనుంచి ఒక లెక్చరరుగారు వచ్చి, నచ్చుటలోని దశలను బోర్డుమీద వేసి చూపారు. ముందు గమనించుట, తరువాత అంగీకరించుట, చివర చప్పట్లు. అసిరమ్మని లేపి దగ్గులో ఏమి నచ్చిందో చెప్పమన్నారు.

"బాగానే దగ్గినాడు బావూ," అంది అసిరమ్మ.

"అట్లు కాదు. ఆ దగ్గులో ప్రతినాయకుని అంతర్మథనము ధ్వనించుచున్నదని అనవలెను."

"ఆడికి కఫం ఉంది బావూ. మావూరి సిమెంటు కొట్లో కూకునే మనిసీ అలాగే దగ్గుతాడు."

లెక్చరరుగారు ఆమె పేరు పక్కన 'పునఃశిక్షణ' అని రాసుకున్నారు.

అంతటితో ఆగితే రేగుపురం కాదు. ఒకరి అంశాన్ని మరొకరు చూస్తే అది వాళ్లకి కూడా నచ్చే ప్రమాదం ఉందని కమిషనరుగారికి తోచింది. దాంతో సినిమాహాల్లో కొత్త పద్ధతి వచ్చింది. అందరూ కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఎవరి అంశం వచ్చినప్పుడు వాళ్లు మాత్రం తెరవాలి. తెరపక్కన మైకు పట్టుకుని ఒకతను నిలబడేవాడు.

"వంతెన రెండో స్తంభమువారు కళ్లు తెరవవచ్చును. రెండో స్తంభమువారు మూయవలెను. ఇప్పుడు బర్రె తోకవారు."

నడవల్లో ఇన్‌స్పెక్టర్లు టార్చిలైట్లతో తిరిగేవారు. హాలు నిండా జనం ఉన్నా ఒక్కో చోటినుంచి ఒక్కో చప్పట్ల జత మాత్రమే వినిపించేది. మొదట్లో కొందరు నిద్రపోయారు. తమ వంతు వచ్చినప్పుడు లేపడానికి పక్కవాళ్లని పెట్టుకోవాల్సి వచ్చింది. పోలమ్మ తోక ఊగడం చూసి సంతృప్తిగా మళ్లీ కళ్లు మూసుకునేది. ఆ తోక ఏ బర్రెదో, ఆ బర్రె వంతెన కింద ఎందుకు నిలబడిందో ఆమెకి గుర్తు లేకుండా పోయింది. వారం తిరిగేసరికి సినిమాలో ఏం జరుగుతుందో చెప్పమంటే చెప్పగలిగినవాళ్లు తగ్గిపోయారు. టీకొట్టులో తగాదాలు మాత్రం నిజంగానే ఆగాయి. ఇద్దరు కలిసి మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. 'పట్టణంలో సంపూర్ణ శాంతి' అని కమిషనరుగారు పైకి రాశారు.

అసిరమ్మ కళ్లు మూసుకుని వినేది. విలన్ రెండోసారి దగ్గగానే తెరిచి, అతని మొహం చూసి, మూసేది. కాని మేడమీద దిగే చోటు ఆమెకి చప్పుడునిబట్టి తెలుసు. ముందు గాలి. తరువాత తువ్వాలు. తరువాత ఉత్త కాళ్లు నేలమీద ఆనిన చప్పుడు. సభ ఇంకో నాలుగురోజులు ఉందనగా ఆమె ఆ చప్పుడు దగ్గర ఆగలేక ఒక కన్ను కొంచెం తెరిచింది. చెప్పులు నీడలోనే ఉన్నాయి. టార్చి ఆమె మొహంమీద పడింది.

"ఏ అంశమమ్మా నీది?"

"దగ్గు."

"ఇప్పుడెవరు దగ్గారు?"

ఎవరూ దగ్గలేదు. ఇన్‌స్పెక్టరు ఆమెని బయటికి పిలిచి కార్డుమీద ఎర్రసిరాతో 'అక్రమ ఇష్టము' అని రాశాడు. మరొక్కసారి పట్టుబడితే కార్డు రద్దు. కార్డు రద్దయితే సభ లేదు, మాస్టారూ లేడు.

మర్నాడు ఇసక జల్లిస్తూ పోలమ్మ అడిగింది. "ఇంతాజేసి ఏటి సెప్తావు ఒదినా ఆయనకి?"

"దగ్గు నచ్చినాదని సెప్తాను."

"సెప్పుల మాట?"

"ఆ మాటెత్తితే మైకు లాగీసుకుంతారు."

పోలమ్మ జల్లెడ ఆపింది. "ఆయన అంత దూరం నుంచి వత్తన్నాడు. నీ దగ్గు కోసం."

అసిరమ్మ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

సభ మునిసిపల్ కళ్యాణ మండపంలో పెట్టారు. సన్యాసినాయుడు మాస్టారు బాగా పెద్దవాడయ్యాడు. వేదికమీదికి ఇద్దరు చేతులు పట్టుకుని ఎక్కించారు. కుడిచెయ్యి వణుకుతూంటే ఎడమచేత్తో దాన్ని ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. కాని కళ్లు చురుగ్గా ఉన్నాయి. జనాన్ని చూసి సంతోషపడుతున్నట్టే ఉన్నాడు. తను వేసిన బొమ్మల గురించి ఇంతమంది చెప్తారంటే ఏ మనిషికైనా వినాలనే ఉంటుంది.

కమిషనరుగారు ముందుగా, "ఈ చిత్రము నాకు యావత్తును నచ్చినది," అని కూర్చున్నారు. తరువాత వరసగా లేచారు. ఛైర్మనుగారికి కుడికన్ను నచ్చింది. వైసు ఛైర్మనుగారు ఎడమకన్ను కూడా దానికి తీసిపోదన్నారు. మూడో స్తంభం కాంట్రాక్టరు దాని కొలతలు చెప్పాడు. ఏడో వార్డు కౌన్సిలరుగారి బావమరిది కుడిచెప్పు తనకు ప్రాణప్రదమన్నాడు. అది పాదరక్షో తోలు సంచో తెలిసినట్టు లేదు, దాన్ని భుజాన వేసుకునే తీరు తనకు నచ్చిందని ముగించాడు. తాసిల్దారుగారు నవ్వు నచ్చిందనబోయి నిద్రపోయారు. పోలమ్మ లేచి, "తోక," అని కూర్చుంది.

మాస్టారు మొదట ప్రతివాళ్లకీ తల ఊపాడు. తరువాత ఊపడం మానేశాడు. సభ సగం అయ్యేసరికి మంచినీళ్లు అడిగాడు. చివరికి మైకు దగ్గరకి లాక్కుని, మెల్లిగా అడిగాడు.

"మీలో ఎవరికైనా, ఏదైనా నచ్చిందా?"

సభలో ఎవరికీ అర్థం కాలేదు. కమిషనరుగారు ఆయన చెవి దగ్గర వంగి సమాధానమిచ్చారు. "సంపూర్ణముగా పంపిణీ అయినదండి. నిల్వ ఏమియు లేదు."

మాస్టారు మైకు వదిలేసి తన చేతికేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

అసిరమ్మ వరసలో ముందుకి వస్తోంది. వేదిక మెట్ల దగ్గర త్రినాథరావు కార్డులు చూసి పైకి పంపుతున్నాడు. ఆమె అతని దగ్గర ఆగింది.

"బావూ, నచ్చడానికి కార్డుంది. అడగడానికి కూడా కార్డు ఉండాలేటి?"

"ఏం అడగడానికి?"

"ఏదైనా. ఊరికే ఒక మాట అడగడానికి."

త్రినాథరావు నిబంధనల కట్ట తీశాడు. మొదటినుంచి చివరిదాకా చూశాడు. వెనక వరసలో గొణుగుడు మొదలైంది. "అడగడం గురించి ఏమీ లేదమ్మా," అన్నాడు ఆశ్చర్యంగా. "ఇంతవరకూ ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు."

అసిరమ్మ వేదిక ఎక్కింది. మైకు ఆమె ఎత్తుకి దించేవాళ్లు లేక మునివేళ్లమీద నిలబడింది.

"విలన్ రెండోపాలి దగ్గిన దగ్గు నాకు నచ్చినాది," అంది. కమిషనరుగారు చేత్తో ఇక చాలన్నట్టు సైగ చేశారు. ఆమె మాస్టారివైపు తిరిగింది. "ఒక మాట అడుగుతాను బావూ. మేస్త్రి సెప్పులు ఎండలో ఇడిసి ఎగుర్తాడు. దిగినాసరికి నీడలో ఉంతాయి. ఎవులు జరిపినారు?"

మాస్టారు తల ఎత్తాడు. కమిషనరుగారు త్రినాథరావుకేసి చూశారు. త్రినాథరావు నిబంధనల కట్ట ఎత్తి చూపి, లేదన్నట్టు తల ఊపాడు.

"మీరు చూశారా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"పుస్తకంలోనే సూసినాను. ప్రతి పుస్తకంలోనూ ఉంది."

"ప్రతి వారం జరిపాను. ఎన్నేళ్లో. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. పత్రికవాళ్లే ఒకసారి ఉత్తరం రాశారు, బొమ్మ తప్పు పోయింది, సరిచూసుకోమని." ఆయన నవ్వబోయి ఆగాడు. "ఎవరు జరిపారో నాకూ తెలీదమ్మా. నేను డ్రాయింగు చెప్పే గది కిటికీకి ఎదురుగా అప్పట్లో హైస్కూలుకి కొత్త గదులు కడుతూండేవారు. ఒక మేస్త్రి చెప్పులు విడిచి పైకి ఎక్కేవాడు. పిల్లలకి కుండో కాయో వేసి చూపించి, మళ్లీ తిరిగి చూసేసరికి చెప్పులు నీడలో ఉండేవి. జరిపిన మనిషిని ఒక్కసారైనా పట్టుకుందామని చూసేవాణ్ణి. ఎప్పుడూ దొరకలేదు. చూడని మనిషిని ఎలా వేస్తాను? అందుకని చోటు వదిలేసి, చెప్పులు మటుకు జరిపేవాణ్ణి."

అసిరమ్మ మైకు సంగతి మరిచిపోయింది. అందుకని ముందు వరసలవాళ్లకి మాత్రమే వినపడింది.

"హైస్కూలు గదులు మేవే కట్టినాం బావూ. ఆ మేస్త్రి మా ఇంటాయన. జరిపింది నానే."

మాస్టారు చాలాసేపు ఆమెనే చూశాడు. గీసుకోబోయేవాడు చూసినట్టు చూశాడు. తరువాత, "ఎందుకమ్మా జరిపేవారు?" అని అడిగాడు.

"కాల్లు కాల్తాయి కదా."

ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది గాని, ఈసారి దాన్ని పట్టుకోలేదు. రెండు చేతులూ ఎత్తి ఆమెకి దణ్ణం పెట్టాడు. ఆమె ఏం చెయ్యాలో తెలియక తనూ పెట్టింది. కింద వరసల్లో ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. ఎవరి అంశమని కొట్టారో ఇన్‌స్పెక్టర్లకి తెలియలేదు. తరువాత ఇంకొంతమంది కొట్టారు. టార్చీలు ఎటు తిప్పాలో తోచక ఆర్పేశారు.

కమిషనరుగారు వందన సమర్పణ చేస్తూ, "దగ్గు అను అంశముపై వక్త కొంత దారి తప్పినప్పటికిని సభ జయప్రదమైనది," అన్నారు.

తరువాత వారం సినిమా హాల్లోంచి వెళ్లిపోయింది. ఇష్టాలు మాత్రం అమల్లోనే ఉన్నాయి. అడగడానికి కూడా కార్డులు ఇచ్చే ఏర్పాటు జరుగుతోందని, జనన మరణాల బల్లని ఇంకొంచెం జరిపారని త్రినాథరావు బజార్లో కనపడినప్పుడు చెప్పాడు. ఆమెకి ఒక నోటీసు వస్తోందనీ, తనేం చెయ్యలేకపోయాననీ కూడా చెప్పాడు.

నోటీసు పని దగ్గరికే వచ్చింది. అసిరమ్మ, పోలమ్మ బజారు చివర ఒక కొత్త ఇంటికి కూలి చేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం. అసిరమ్మ తట్ట బోర్లించి దానిమీద కూర్చుని, వేలు పెట్టుకుని ఒక్కో మాటే చదివింది.

'సభాముఖమున మీరు చేసిన ఒప్పుకోలు ననుసరించి, ఏడవ వార్డు కౌన్సిలరు గారి బావమరిదికి కేటాయింపబడిన కుడిచెప్పును, పారిశుధ్య విభాగమునకు రిజర్వు చేయబడిన ఎడమచెప్పును, ఎట్టి అనుమతియు లేకుండ ఎండనుండి నీడకు పలుమార్లు తరలించినట్లు రుజువైనది. సదరు చెప్పులను తక్షణమే యథాస్థానమున, అనగా ఎండలో, ఉంచి ఈ కార్యాలయమునకు తెలియజేయవలెను.'

"ఏటి రాసినారు ఒదినా?"

"సెప్పులు మల్లీ ఎండలో ఎట్టీమన్నారు."

"ఎవుల సెప్పులు?"

"మీ అన్నవి."

"ఆడు పోయి ఎన్నాల్లయినాది," అంది పోలమ్మ. "ఆళ్లకి తెల్దేటి?"

"తెలిసే ఉంతాది. జనన మరణాల గది ఆళ్లదే కదా," అంది అసిరమ్మ.

ఆమె లేచి చీర దులుపుకుంది. పైన పరంజామీద పని చేస్తున్న మేస్త్రి ఆ ఊరికి కొత్త. పొద్దున్న ఎక్కుతూ గోడవార విడిచిన అతని చెప్పులమీద ఎండ నిండుగా పడుతోంది. అసిరమ్మ వంగి వాటిని తీసుకుని చుట్టూ చూసింది. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు. గోడకి నీడ లేదు, డ్రమ్ముకి లేదు, ఇసక గుట్టకీ లేదు.

చెప్పులు ఉన్నచోటే మళ్లీ జతగా పెట్టింది. నోటీసు విప్పి వాటిమీద కప్పి, గాలికి ఎగిరిపోకుండా అంచుమీద ఒక ఇటుక ముక్క పెట్టింది. మునిసిపాలిటీవారి కాగితం మందంగానే ఉంది. నీడ బాగా పడింది.